వేగము హెచ్చించినపుడు బండి యేల వణకును?

గత వేసవిలో మేము పాలమూరు ప్రాంతమందలి ఒక గ్రామమునకు పోయియుంటిమి. పంచాయతీ కార్యాలయము ప్రక్కన చింతచెట్టు నీడలో పంచాయతీ ట్రాక్టరు నిలిచియుండెను. ట్రాలీలో సగము వరకు చెత్త నిండి యెండిపోవుచుండెను. బండి కదలి 18 దినములైనదనిరి. గుట్టమీది వాడకు ట్యాంకరుతో నీరు పోయుట కూడ ఆగిపోయినది. కారణమడుగగా, ఇంజను స్టార్టగుచునే యున్నది, నిలుచున్నచోట చక్కగనే తిరుగుచున్నది, కాని లోడుతో ఎత్తు ఎక్కునపుడు యాక్సిలరేటరు త్రొక్కగనే బండి యంతయు గడగడ వణకి బలము కోల్పోవుచున్నదని చెప్పిరి.

సమీప పట్టణములోని షెడ్డువారొకరు డీజిలు పంపును, మూడు నాజిళ్లను మార్చవలెనని అంచనా వ్రాసి యిచ్చియుండిరి. ఆ మొత్తము ఆ చిన్న పంచాయతీ యొక్క నెల ఖర్చునకు దరిదాపుగా నుండెను. ఇంతకన్న బాధాకరమైనది మరియొకటి. డ్రైవరు డీజిలు తీసి అమ్ముకొని, తరుగును నీళ్లతో పూడ్చినాడని వార్డు సభ్యులలో ఇరువురు అనుమానపడిరి. అతని కూలి నిలిపివేయబడెను. అతడు సర్పంచి అమ్మగారి యెదుట చేతులు కట్టుకొని, "నేనేం కలపలే అమ్మా. ఖాళీగ పోతే మంచిగనే పోతది. లోడు మీద ఎక్కుడు ఎక్కంగనే వణుకుతది" అని మాత్రము చెప్పుచుండెను.

ఆ మాటను ఎవరును చెవిని పెట్టలేదు. కాని దోషమును కనిపెట్టుటకు కావలసిన ఆధారమంతయు ఆ మాటలోనే యున్నది. ఎట్లో వివరించుటకే ఈ వ్యాసము. 2019 సెప్టెంబరులో ప్రారంభమైన పల్లె ప్రగతి కార్యక్రమము క్రింద తెలంగాణలోని గ్రామపంచాయతీలకు ట్రాక్టరు, ట్రాలీ, ట్యాంకరు సమకూడినవి. ఇక కార్లు, జీపులు లేని గ్రామము నేడు అరుదు. ఇట్టి బండి యేదైనను ఒకనాడు వణకక మానదు. పంచాయతీ సభ్యులు మెకానిక్కులు కానక్కరలేదు. కాని బిల్లుపై సంతకము చేయువారు, ఆ బిల్లు దేనికో తెలిసికొనవలెను గదా.

మొదట కారు సంగతి చెప్పి, పిదప ట్రాక్టరు వద్దకు వత్తుము. కారులో ఈ దోషమునకు మార్గములు ఎక్కువ. దానిని గ్రహించినవారికి ట్రాక్టరు సులభమగును.

జర్మనీ దేశీయుడగు నికొలాస్ ఒటో 1876లో నిర్మించిన నాలుగు దెబ్బల ఇంజను పద్ధతియే నేటి కార్లలోను ఉన్నది. పిస్టను ఒకమారు క్రిందికి దిగి గాలిని పెట్రోలును పీల్చును. పైకి వచ్చి దానిని నొక్కును. అపుడు నిప్పురవ్వ పడి మంట పుట్టి పిస్టనును క్రిందికి త్రోయును. మరల పైకి వచ్చి పొగను వెడలగొట్టును. ఈ నాలుగింటిలో బలమునిచ్చునది ఒక్కటే. అనగా క్రాంకు షాఫ్టు రెండు చుట్లు తిరిగినచో ఒక్కొక్క సిలిండరు ఒక్కమారు మాత్రమే త్రోపు నిచ్చును. నాలుగు సిలిండర్ల ఇంజను నిమిషమునకు 2000 చుట్లు తిరుగునపుడు 4000 త్రోపులు పుట్టును. ఇవి సమానముగ, వరుస తప్పక పడినంత కాలము మనకు వణుకు తెలియదు. నలుగురు కలిసి పల్లకి మోయునపుడు ఒకడు అడుగు తప్పినచో పల్లకి ఊగునట్లు, ఒక సిలిండరు తన వంతు తప్పినచో బండి ఊగును. దీనినే మెకానిక్కులు "మిస్సు కొట్టుచున్నది" అందురు. నేటి చిన్నకార్లలో పెక్కింటికి మూడు సిలిండర్లే గలవు. కావున ఒకటి తప్పినచో మూడవవంతు బలము పోయినట్లే, వణుకును అధికము.

అయితే నిలిచియున్నపుడు చక్కగ తిరుగు ఇంజను, వేగము పెంచునపుడే వంతు తప్పుట యేమి? ఇదియే ముఖ్యమైన ప్రశ్న. యాక్సిలరేటరు త్రొక్కినపుడు సిలిండరులోనికి గాలి హెచ్చుగ పోవును. గాలి హెచ్చినకొలది నొక్కుడు హెచ్చును. నొక్కుడు హెచ్చినకొలది స్పార్కు ప్లగ్గు కొనల నడుమ నిప్పురవ్వ దూకుట కష్టమగును. అందుకు మునుపటికన్న హెచ్చు వోల్టులు కావలెను. ప్లగ్గు కొనల మధ్య సందు సుమారు ఒక మిల్లీమీటరు మాత్రమే యైనను, దానిని దాటుటకు పది వేల వోల్టులకు మించిన విద్యుత్తు అవసరపడును. అరిగిన ప్లగ్గు, బలహీనపడిన కాయిలు ఖాళీగ నున్నపుడు ఈ పని ఎట్లో నెట్టుకొనివచ్చును. బరువు పడినపుడు చేతులెత్తివేయును. అట్లే పెట్రోలు కూడ వేగము పెరిగినపుడే ఎక్కువ కావలెను. మూసికొనిపోవుచున్న ఫిల్టరు గుండ మెల్లగ తిరుగుటకు చాలినంత పెట్రోలు వచ్చును, ఎత్తు ఎక్కుటకు చాలినంత రాదు. బరువులేని దినమున కనబడని జబ్బు బరువున్న దినమున బయటపడుట బండ్లకే గాదు, ఎద్దులకును ఉన్నదే.

ఇంజనుపై నింద వేయుటకు ముందు, వణుకు నిజముగ ఇంజనునుండియే వచ్చుచున్నదా అని చూడవలెను. ఈ ఒక్క పని చేయనందున ఎన్నియో రూపాయలు వ్యర్థమగుచున్నవి. బండిని న్యూట్రలులో నిలిపి మెల్లగ రేసు ఇచ్చి చూడుడు. నిలిచియున్నపుడే వణకినచో దోషము ఇంజనులోనో, దానిని పట్టియుంచు రబ్బరు మౌంటింగులలోనో గలదు. నిలిచియున్నపుడు వణకక, దారిలో 80, 90 కిలోమీటర్ల వేగమున మాత్రము వణకి, యాక్సిలరేటరు వదలినను అట్లే వణకుచుండినచో అది చక్రముల బ్యాలెన్సు తప్పుటయో, రిమ్ము వంగుటయో యగును. మన గ్రామమార్గముల గుంటలలో పడిన రిమ్ములు వంగుట సామాన్యము. మొదటి గేరులో బయలుదేరునపుడు మాత్రమే ఎగిరెగిరి కదలి, తరువాత సర్దుకొనినచో క్లచ్చి ప్లేటును అనుమానింపవలెను. వేగము పెంచునపుడు బండి ముందుభాగము ప్రక్కప్రక్కలకు ఊగి, పాదము తీయగనే ఊగుట ఆగిపోయినచో, ముందు చక్రములకు బలమందించు ఇరుసు లోపలి జాయింటు అరిగియుండును. దానిపై నున్న రబ్బరు తొడుగు చినిగి గ్రీజు చిందియున్నదేమో వంగి చూచిన చాలును. వెనుక చక్రములు నడుపు జీపులలో ఈ స్థానమున ప్రొపెల్లరు షాఫ్టు క్రాసు ఉండును.

మౌంటింగుల సంగతి ప్రత్యేకముగ చెప్పవలెను. ఇంజను ఛాసిసుకు నేరుగ బిగింపబడక, మూడు నాలుగుచోట్ల రబ్బరు దిమ్మెలపై కూర్చుండును. రబ్బరు చీలినచో, వేగము పెంచినపుడు ఇంజను ఒక ప్రక్కకు లేచి దభీమని తిరిగి కూర్చుండును. గేరు మార్చినపుడెల్ల "ఠప్పు" మని శబ్దము వచ్చును. ఇంజనులో ఏ లోపమును లేకుండగనే బండి యంతయు వణకును. బానెట్టు తెరచి, బ్రేకు గట్టిగ త్రొక్కి, గేరు వేసి, క్లచ్చిని కొంచెముగ వదలి చూచినపుడు ఇంజను ఎంత లేచుచున్నదో ప్రక్కనుండి కనబడును. ఈ పరీక్ష చేయునపుడు బండి యెదుట గాని వెనుక గాని ఎవరును నిలువరాదు. పిల్లలను దూరముగ పంపుడు.

ఇక ఇంజను మిస్సు కొట్టుచున్నదని తేలినపుడు ఏమి చేయవలెను? మా అనుభవమొకటి చెప్పుదుము. మేము తిరుగు పెట్రోలు కారు నల్లమల ఘాటు దారిలో మూడవ గేరున ఎక్కునపుడు వణకుట మొదలిడినది. ఒక పెద్ద వర్కుషాపునకు తీసికొనిపోతిమి. వారు ఇంజెక్టర్లను శుభ్రపరచిరి, వణుకు పోలేదు. పెట్రోలు పంపును మార్చిరి, పోలేదు. మూడవమారు పోయినపుడు గేరుబాక్సు విప్పవలెననిరి. అపుడు మేము బండిని వెనుకకు మరల్చి, బజారులో రేకుల షెడ్డు వేసికొనిన ఒక ముసలి మెకానిక్కునకు చూపితిమి. ఆయన స్కానరు తగిలించి, రెండవ సిలిండరు మిస్సు కొట్టుచున్నదని చూచెను. పిదప రెండవ సిలిండరుపై నున్న కాయిలును తీసి మూడవదానిపై, మూడవదానిని రెండవదానిపై పెట్టి, "ఒక మైలు తోలుకొని రండి" అనెను. తిరిగి వచ్చి చూడగా స్కానరు ఈ మారు మూడవ సిలిండరును చూపుచుండెను. వ్యాధి కాయిలుతో కూడ నడచి పోయినది! కొత్త కాయిలు వేయగానే వణుకు మాయమైనది. అంతకుముందు మేము మార్పించిన పంపు వెల ఆ కాయిలు వెలకు అనేక రెట్లు.

ఈ మార్పిడి పరీక్షకు ఖర్చు లేదు. కాయిలుతో వణుకు కదలకున్న, ప్లగ్గును మార్చి చూడవలెను. ప్లగ్గుతోను కదలకున్న, ఇంజెక్టరును చూడవలెను. ఏదియు కదలకున్న, ఆ సిలిండరులోనే లోపమున్నదని, అనగా వాల్వు కాలినదో, నొక్కుడు తగ్గినదో యని ఎంచి కంప్రెషను గేజితో పరీక్షింపవలెను. అట్టి ఇంజను సాధారణముగ నిలిచియున్నపుడు కూడ సమముగ తిరుగదు. ఒకమారునకు ఒక్క వస్తువునే మార్చుట ముఖ్యము. నాలుగు ఒకేమారు మార్చినచో రోగము కుదిరినను, ఏ మందుతో కుదిరినదో తెలియదు. మిగిలిన మూడింటి వెల వృథా.

స్కానరు గురించి ఒక మాట. 2013 ఏప్రిలు నుండి మన దేశమున అమ్మబడు కార్లలో, దోషములను బండియే కనిపెట్టి వ్రాసికొను ఏర్పాటు తప్పనిసరి చేయబడినది. స్టీరింగు క్రింద నుండు సాకెట్టుకు స్కానరు తగిలించినచో సంకేతాంకములు కనబడును. పి 0300 అనగా పలు సిలిండర్లు మిస్సు కొట్టుచున్నవి. పి 0301 అనగా మొదటిది, పి 0302 అనగా రెండవది. కాని స్కానరు ఏ సిలిండరు చెడినదో చెప్పును గాని, ఏ వస్తువు చెడినదో చెప్పదు. "స్కానరు చెప్పినది గనుక ఇంజెక్టరు మార్చితిమి" అను బిల్లు వచ్చినచో మరి నాలుగు ప్రశ్నలు వేయుడు.

యెదుటి మీటర్లలో ఇంజను బొమ్మతో వెలుగు పసుపు దీపమును డ్రైవర్లందరు ఎరుగుదురు. అది నిలుకడగ వెలిగినచో దోషమున్నదని యర్థము; త్వరలో చూపించిన చాలును. అది మిణుకు మిణుకుమని ఆరి వెలుగుచున్నచో సంగతి వేరు. కాలని పెట్రోలు సైలెన్సరు వైపు పోయి, అచ్చటనున్న క్యాటలిటికు కన్వర్టరులో మండుచున్నదని తెలియవలెను. పొగలోని విషములను విరుచు ఈ వస్తువులో ప్లాటినము, పల్లాడియము, రోడియము అను విలువగల లోహముల పూత యుండును. అది వేడికి కరిగినచో, కొన్ని వందల రూపాయల ప్లగ్గు దోషము వేల రూపాయల నష్టమగును. దీపము మిణుకుచున్నపుడు వేగము తగ్గించి, బరువు వేయక, దగ్గరి చోటికి మాత్రము పోవలెను.

ప్లగ్గులను విప్పినపుడు వాని ముఖములను చూచిన చాల సంగతులు తెలియును. కొన లేత గోధుమవన్నెలో నున్న మంచిది. పొడి మసి పట్టియున్న పెట్రోలు హెచ్చుగనో, గాలి తక్కువగనో వచ్చుచున్నది. జిడ్డుగ నూనె పట్టియున్న ఇంజను ఆయిలు లోనికి చొరబడుచున్నది. మరీ తెల్లబడి కొన కరుగుచున్న పెట్రోలు చాలుట లేదు, లేదా వేడి మితిమీరుచున్నది. ప్లగ్గులను ఇంజను చల్లారిన పిమ్మటనే విప్పవలెను. వేడిమీద విప్పినచో అల్యూమినియపు మరలు పెకలివచ్చును. ఆ మరమ్మతు ప్లగ్గు మార్పుకన్న బహు ఖరీదు. ఇంజను తిరుగుచుండగ కాయిలు ఊడబెరుకుట కొందరికి అలవాటు. అది షాకు కొట్టును, కాలని పెట్రోలును కన్వర్టరులోనికి పంపును. వారింపుడు.

సాధారణ ప్లగ్గులు సుమారు 30,000 నుండి 40,000 కిలోమీటర్ల వరకు, ఇరిడియము ప్లగ్గులు సుమారు లక్ష వరకు పనిచేయును. సి.ఎన్.జి.పై నడచు బండిలో నిప్పురవ్వకు హెచ్చు వోల్టులు కావలెను. కావున పెట్రోలుపై చక్కగ నడచుచు, గ్యాసుకు మార్చగనే వణకు బండికి ముందుగ ప్లగ్గులు, కాయిళ్లనే చూడవలెను. వర్షకాలములో మాత్రమే వణకు బండికి కాయిలు పింగులి పగిలి, చెమ్మలో విద్యుత్తు ప్రక్కదారి పట్టుచుండవచ్చును.

గాలికి, పెట్రోలుకు సంబంధించినవి కొన్ని గలవు. దుమ్ముతో నిండిన ఎయిరు ఫిల్టరు బండి ఊపిరిని పట్టివేయును. తీసి వెలుతురునకు ఎదురుగ పట్టి చూచుట ఎవరికైనను సాధ్యమే. గాలి గొట్టము చిట్లి లెక్కకురాని గాలి లోనికి పోయినచో, ఇందుకు విరుద్ధముగ, నిలిచియున్నపుడు వణుకు హెచ్చు, వేగమున తక్కువ. ఈ తేడాను జ్ఞాపకముంచుకొనిన చాల శ్రమ తప్పును. పెట్రోలులో నీరు చేరుట మరియొక సంగతి. 2023 నుండి 20 వంతుల ఇథనాలు కలిపిన పెట్రోలు మన దేశమున అమ్మకమునకు వచ్చినది. ఇథనాలు నీటిని తనలో కలుపుకొనును. నీరు మితిమీరినచో రెండును కలిసి పెట్రోలునుండి విడివడి టాంకి అడుగున చేరును. నెలల తరబడి నిలిపియుంచిన బండిని ఒక్కసారిగ తీసి పరుగెత్తించినపుడు వచ్చు వణుకునకు ఇది ఒక కారణము. కిరాణా దుకాణములలో సీసాలలో అమ్ము పెట్రోలు ఎంత నిలువయున్నదో, అందేమి కలిసినదో చెప్పలేము. బంకులో అనుమానము కలిగినచో ఫిల్టరు కాగితముతో పరీక్ష చేసి చూపుమని అడుగు హక్కు కొనుగోలుదారునకు గలదు.

ఇపుడు డీజిలు బండ్లు. వీనిలో స్పార్కు ప్లగ్గు లేదు. గాలిని పదునైదు, ఇరువది రెట్లు నొక్కగ అది 500 డిగ్రీలకు మించి వేడెక్కును. అందులోనికి నాజిలు డీజిలును తుంపరగ చిమ్మగ, దానంతట అదియే మండును. కావున కాయిలు, ప్లగ్గుల బాధ లేదు. డీజిలు వణుకునకు కారణము చాలవరకు ఒక్కటే: డీజిలు సరిగ అందకపోవుట. టాంకి, గొట్టము, ఫీడు పంపు, ఫిల్టర్లు, ఇంజెక్షను పంపు, నాజిళ్లు — ఇదే డీజిలు నడచు త్రోవ. దోషమును టాంకినుండి మొదలిడి నాజిలు వైపు వెదకవలెను. లోకములో జరుగునది దీనికి తారుమారు. నాజిలు, పంపు ఖరీదైనవి గనుక వాని మీదనే ముందుగ చూపు పడును.

త్రోవలో గాలి చొరబడినను ఇదే వణుకు పుట్టును. ఫిల్టరు మార్చిన మరునాడే వణుకు మొదలైనచో గాలి పట్టినదని దాదాపు నిశ్చయింపవచ్చును. ఫిల్టరు పైనున్న బ్లీడింగు స్క్రూను వదులు చేసి, ఫీడు పంపు చేతిపిడిని నొక్కుచు, బుడగలు పోయి శుద్ధమైన డీజిలు ధారగ వచ్చువరకు ఆగి, స్క్రూ బిగింపవలెను. పిమ్మట ఇంజెక్షను పంపు వద్దను అట్లే చేయవలెను. రాగి వాషర్లు అరిగినచో కొత్తవి వేయవలెను.

పొగ రంగు కూడ సాక్ష్యము చెప్పును. నలుపు గాలి తక్కువ, లేదా డీజిలు హెచ్చు. తెలుపు డీజిలు కాలకుండుట. నీలము ఆయిలు కాలుట.

ఒక హెచ్చరిక. పాత పద్ధతి ట్రాక్టర్లలో, చెడిన నాజిలును కనిపెట్టుటకు మెకానిక్కులు ఇంజను తిరుగుచుండగ ఒక్కొక్క నాజిలు గొట్టపు నట్టును వదులు చేసి చూచెదరు. ఏది వదులు చేసినపుడు ఇంజను తీరు మారదో ఆ సిలిండరు అంతకుముందే పనిచేయుట లేదని యర్థము. నేర్పరులు చేయునపుడు ఇది మంచి పరీక్షయే. కాని కామనురైలు పద్ధతి గల కార్లు, జీపులు, కొత్త పెద్ద ట్రాక్టర్లలో ఇట్లు చేయుట ప్రాణాంతకము. అందు డీజిలు వెయ్యి బారులకు మించిన ఒత్తిడిలో నుండును. ఆ సన్నని ధార చర్మమును చీల్చుకొని లోనికి పోవును. చూపునకు చిన్న గాయమే. కాని వెంటనే ఆసుపత్రికి తీసికొనిపోనిచో చేయి తీసివేయవలసి రావచ్చును.

ట్యాంకరు విషయమున ఇంజను దోషము కానిది ఒకటి గలదు. 5,000 లీటర్ల ట్యాంకరు నిండినచో నీటి బరువే 5 టన్నులు. సగము నింపి తోలినపుడు నీరు వెనుకకు ముందుకు కొట్టుకొని బండిని గుంజును. లోపల అడ్డుపలకలు లేని ట్యాంకర్లలో ఇది మరింత హెచ్చు. వణుకు సగము నీటితో మాత్రమే వచ్చి, నిండుగ నున్నపుడు రానిచో మెకానిక్కును పిలువనక్కరలేదు.

ఇక పాలమూరు గ్రామమునకు మరలుదము. ఆ ఊర ఆర్.టి.సి. డిపోలో మెకానిక్కుగ పనిచేసి విశ్రాంతి పొందిన పెద్దాయన యొకరుండిరి. మేము కోరగ ఆయన వచ్చి, అందరివలె ఇంజను వద్దకు పోక, డ్రైవరును పిలిచి, వణుకు ఎపుడు, ఎచ్చట, ఎంతసేపటికి వచ్చుచున్నదో రెండుమార్లు చెప్పించుకొనెను. పిదప ఫిల్టరు అడుగు గిన్నెలోని డీజిలును ఒక గాజుసీసాలో పట్టి, అరుగుపై ఒక గంటసేపు కదలకుండ నుంచెను. నీరున్నచో డీజిలుకన్న బరువు గనుక అడుగున తేరును. అడుగున రెండు మూడు బొట్లు మాత్రమే కనబడెను. ఆయన సభ్యులవైపు తిరిగి, "ఇది రాత్రి టాంకిలో పట్టిన చెమ్మ. సగము ఖాళీగ నుంచితే ఏ బండిలోనైన పడుతది. నీళ్లు కలిపినోని డీజిలు గిట్లుండది" అనెను. అందుకే సాయంకాలమున టాంకి నింపి నిలుపుట మంచిదని మాకును అపుడు తెలిసినది.

తరువాత ఒక శుభ్రమైన డబ్బాలో అయిదు లీటర్ల డీజిలు పోసి, బానెట్టు ప్రక్కన ఎత్తుగ కట్టి, తెల్లని పారదర్శకపు గొట్టముతో నేరుగ ఫీడు పంపునకు తగిలించెను. అనగా బండి టాంకిని త్రోవనుండి తప్పించెను. నిండు ట్యాంకరు తగిలించి గుట్టదారి ఎక్కింపుమనెను. డ్రైవరు త్రొక్కినాడు. బండి ఒక్కమారైనను వణకక పైకి పోయినది. గొట్టములో బుడగ యొక్కటియు లేదు. పంపు మంచిది, నాజిళ్లు మంచివి, ఫిల్టర్లు మంచివి యని ఒక్క పరీక్షతో తేలినది. మిగిలినది టాంకి మాత్రమే.

టాంకిని కడిగించి చూడగ అందులో అరచేతి వెడల్పు గల ఒక గుడ్డపేలిక దొరికినది. బండి నిలిచియున్నపుడు అది ఎక్కడనో తేలుచుండును. షెడ్డువారు చూచినపుడు డీజిలు ధారాళముగనే వచ్చుచుండెను. ఎత్తు ఎక్కునపుడు పంపు గట్టిగ పీల్చగనే ఆ పేలిక పోయి బయటి ద్వారమునకు అంటుకొనుచుండెను. డీజిలు ఆగి ఇంజను వణకుచుండెను. ఖాళీగ పోయిన మంచిగ పోవుట, లోడుపై వణకుట — డ్రైవరు మొదటనుండి చెప్పినదిదియే.

గుడ్డ టాంకిలోనికి ఎట్లు పోయెను? టాంకి మూత రెండు నెలల క్రిందటనే పోయినది. దుమ్ము పడకుండ మూతికి గుడ్డ కుక్కుచుండిరి. అది చినిగి ఒక ముక్క లోపల పడినది. మూత లేకపోయినను ఎవరును పట్టించుకొనలేదా యని మేమడిగితిమి. డ్రైవరు మాటాడక, సీటు క్రిందనున్న లాగుబుక్కును తెచ్చి సర్పంచి అమ్మగారికి ఇచ్చెను. అందు రెండు నెలల నాటి తేదీ క్రింద, "డీజిల్ టాంకి మూత పోయినది, కొత్తది ఇప్పించగలరు" అని వ్రాసి, సంతకము చేసియుండెను. ఆ క్రింద మరి రెండుమార్లు, వేర్వేరు తేదీలలో, అదే మాట వ్రాసియుండెను. చూచినట్లు ఎవరి సంతకమును లేదు.

అమ్మగారు ఆ పుటలను సభ్యుల యెదుట పైకి చదివించిరి. కొత్త మూత ఆ మరునాడు పట్టణమునుండి వచ్చినది. పంపు, నాజిళ్ల అంచనా కాగితము రద్దు చేయబడినది. ప్రతి సోమవారము లాగుబుక్కును కార్యదర్శి చూచి సంతకము చేయవలెనని తీర్మానము వ్రాసికొనిరి. డ్రైవరునకు నిలిపిన 18 దినముల కూలి ఆ వారములోనే చెల్లింపబడినది.